ట్రాక్టర్ అదుపు తప్పితే..? పొలంలో, రోడ్డుపై పాటించాల్సిన జాగ్రత్తలేంటి? పరిహారం ఎవరికి వస్తుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ట్రాక్టర్‌కు ఏడాదంతా పనే. వానాకాలం, యాసంగి నాట్లకు ముందు దమ్ము, కోతలప్పుడు కొనుగోలు కేంద్రాలకు వడ్ల రవాణా, వేసవి మొదలయ్యేసరికి పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, పాలిష్. యంత్రం లేనిదే సాగు నడవని పరిస్థితి. అదే యంత్రం ఒక్క క్షణం అదుపు తప్పితే ఏమవుతుందో రాష్ట్రం ఇప్పటికే చూసింది.

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ఏఎంఆర్పీ కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు ప్రమాదాల్లోనూ మృతుల్లో ఎక్కువ మంది పొలం పనికి బయల్దేరిన మహిళలే.

ట్రాక్టర్ ఎందుకు అదుపు తప్పుతుంది? ఏం చేస్తే ప్రమాదం తప్పుతుంది? జరగరానిది జరిగితే కుటుంబానికి ఏ పరిహారం అందుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ట్రాక్టర్ ‘దానంతట అదే’ ఎందుకు కదులుతుంది?

డ్రైవర్ లేని ట్రాక్టర్ ముందుకు దూకిందంటే దాదాపు ఎప్పుడూ మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది.

మొదటిది, గేరులో ఉండగా కింద నిలబడి స్టార్ట్ చేయడం. బ్యాటరీ బలహీనపడినప్పుడో, తాళం స్విచ్ పాడైనప్పుడో కొందరు స్టార్టర్ దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి ఇంజిన్ తిప్పుతారు. బండి న్యూట్రల్‌లో లేకపోతే ఇంజిన్ అందుకున్న మరుక్షణమే ముందుకు కదులుతుంది. స్టార్ట్ చేసే మనిషి నిలబడేది సరిగ్గా వెనుక చక్రం దారిలోనే. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే సేఫ్టీ స్విచ్ ఈ ప్రమాదం కోసమే పెట్టారు. అది పాడైతే వైరు కలిపి సరిపెట్టుకోకండి, కొత్తది వేయించండి. స్టార్టింగ్ ఎప్పుడైనా సీట్లో కూర్చునే చేయాలి.

రెండోది, వాలులో హ్యాండ్ బ్రేక్ వేయకుండా దిగిపోవడం. బండి నిలిపాక పార్కింగ్ బ్రేక్ వేయాలి. ఇంజిన్ ఆపి, ముందు భాగం ఎత్తు వైపు ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్ గేరు వేయాలి. చక్రాల కింద రాయి లేదా చెక్క దిమ్మ పెట్టాలి. వెనుక గొర్రు, రోటవేటర్ ఉంటే నేలకు దించేయాలి.

మూడోది, తాళం బండికే వదిలేయడం. పిల్లలకు ట్రాక్టర్ ఆటవస్తువులా కనిపిస్తుంది. ఇంకో సంగతి. చాలా పాత ట్రాక్టర్లలో తాళం తిప్పినంత మాత్రాన ఇంజిన్ ఆగదు, స్టాప్ నాబ్ లాగాలి. ఆ నాబ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పనికి వచ్చే వారికీ చూపించి ఉంచండి. డ్రైవర్ ప్రమాదంలో చిక్కుకుంటే ఇంజిన్ ఆపాల్సింది పక్కనున్నవారే.

దమ్ములో ఎందుకు తిరగబడుతుంది?

బురదలో వెనుక చక్రాలు కూరుకుపోయి కదలనప్పుడు డ్రైవర్ ఇంకా ఎక్సలరేటర్ ఇస్తే, ఇంజిన్ బలం చక్రాన్ని తిప్పలేక బండి ముందు భాగాన్నే పైకి లేపుతుంది. వెనక్కి తిరగబడటానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. డ్రైవర్ తేరుకునే సమయం ఉండదు. నీళ్లు నిండిన మడిలో బండి కింద పడితే ఊపిరాడక చనిపోయే ముప్పు కూడా ఉంటుంది.

కూరుకుపోయిన బండిని బయటకు తీయడానికి వెనుక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టడం చాలా చోట్ల అలవాటు. ఇది అత్యంత ప్రమాదకరం. చక్రం తిరగకుండా దుంగ అడ్డుకుంటే తిరిగేది బండే. ముందుగా మెల్లగా రివర్స్‌లో తీసి చూడండి. రాకపోతే మరో ట్రాక్టర్‌తో లాగించండి. గొలుసును కింద ఉండే డ్రాబార్‌కే తగిలించాలి. టాప్ లింక్‌కో, ఇరుసుకంటే ఎత్తులోనో తగిలిస్తే ముందు చక్రాలు లేస్తాయి. లాగేటప్పుడు గొలుసు పక్కన ఎవరూ నిలబడకూడదు.

ఒడ్డు దాటేటప్పుడు కేజీ వీల్స్‌తో ఏటవాలుగా ఎక్కించకండి. ఒడ్డుకు ఎదురుగా, తక్కువ గేరులో, తక్కువ వేగంతో దాటాలి. ఎత్తు ఎక్కువైతే దారి చెక్కించుకోవాలి.

బోల్తా పడినా డ్రైవర్‌ను కాపాడేది సీటు వెనుక ఉండే గట్టి ఇనుప ఫ్రేమ్, దాంతోపాటు సీటు బెల్టు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ ఫ్రేమ్ తప్పనిసరి చేసింది. మన దగ్గర చాలా ట్రాక్టర్లకు ఉండేది ఎండకు అడ్డుపెట్టే టాప్ మాత్రమే. అది బండి బరువును ఆపలేదు. కొత్త ట్రాక్టర్ కొంటుంటే రక్షణ ఫ్రేమ్ ఉన్న మోడల్ ఉందా అని డీలర్‌ను అడగండి. ఫ్రేమ్ ఉన్న బండిలో బెల్టు పెట్టుకోవాలి. ఫ్రేమ్ లేని బండిలో బెల్టు వద్దు.

రోడ్డెక్కే ముందు ఏం చూసుకోవాలి?

ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేక్ పెడళ్లు ఉంటాయి. పొలంలో మలుపు కోసం ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డుపై వేగంలో అలా తొక్కితే బండి ఒక్కసారిగా పక్కకు తిరిగి పల్టీ కొడుతుంది. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లను కలిపే లాక్ వేయడం మరవద్దు.

వడ్ల లోడుతో దిగుడు వచ్చినప్పుడు న్యూట్రల్ చేయడం, క్లచ్ తొక్కి వదిలేయడం చేయకూడదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ఆ బరువంతా వెనుక నుంచి ట్రాక్టర్‌ను నెడుతుంది. ఎత్తు ఎక్కడానికి ఏ గేరు అవసరమో, దిగడానికీ అదే గేరు. దిగుడు మొదలయ్యాక కాదు, ముందే మార్చుకోవాలి.

ఎస్సారెస్పీ కాకతీయ కాలువ, వరద కాలువ, వాటి ఉపకాలువల గట్లపై వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వానకు నానిన గట్టు అంచు బరువుకు జారిపోతుంది. కాలువ లోతు ఎంతుందో, అంచు నుంచి కనీసం అంత దూరంలో నడపాలి. ఎదురుగా బండి వస్తే అంచు వైపు తప్పుకోకుండా వెడల్పున్న చోటే ఆగాలి.

రాత్రిపూట లైట్లు లేని ట్రాలీని వెనుక నుంచి బైకులు ఢీకొట్టే ప్రమాదాలు కోతల కాలంలో ఎక్కువ. ట్రాలీ వెనుక ఎరుపు రిఫ్లెక్టివ్ స్టిక్కర్లు అంటించడానికి పెద్దగా ఖర్చు కాదు. బండి ఆగిపోతే రోడ్డు పక్కకు దించాలి, వెనుక దూరం నుంచే కనిపించేలా హెచ్చరిక పెట్టాలి. రోడ్డుపై వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టడం కూడా ప్రాణాంతకమే.

యంత్రాల దగ్గర చీర కొంగు, తువ్వాల ఎందుకు ప్రమాదం?

ట్రాక్టర్ వెనుక తిరిగే పీటీఓ షాఫ్ట్ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. కొంగు అంచు చిక్కుకుంటే వెనక్కి లాక్కునే వ్యవధి దొరకదు. షాఫ్ట్‌పై ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగితే వెంటనే కొత్తది వేయించాలి. మక్క నూర్పిడి మిషన్, పసుపు పాలిష్ డ్రమ్ముల దగ్గర పనిచేసే మహిళలు కొంగు నడుముకు బిగించి, జడ ముడివేసి, పైన చొక్కా వేసుకోవాలి. మెడలో తువ్వాల, చేతికి వదులు గాజులు వద్దు. యంత్రంలో ఏదైనా ఇరుక్కుంటే ఇంజిన్ పూర్తిగా ఆపాకే చేయి పెట్టాలి.

రోటవేటర్ మీద, మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. బరువు కోసం మనిషిని నిలబెట్టే బదులు ఇసుక బస్తా పెట్టండి.

వరికోత యంత్రాలకు విద్యుత్ తీగలతో ముప్పు. పొలంలో తీగలు వేలాడుతుంటే కోతకు ముందే జగిత్యాల జిల్లాలో ఎన్పీడీసీఎల్‌కు, సిరిసిల్లలో సెస్‌కు చెప్పి సరిచేయించాలి. తీగ తెగి యంత్రంపై పడితే డ్రైవర్ సీట్లోనే ఉండాలి, కింద ఉన్నవారు దూరం జరగాలి. మంటలు లేస్తే మాత్రం బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లు కలిపి దూకాలి.

ట్రాలీలో మనుషులను తీసుకెళ్తే?

ట్రాక్టర్‌పై డ్రైవర్ తప్ప మరొకరిని ఎక్కించకూడదన్నది నిబంధన. ట్రాలీ సరుకు కోసమే. కూలీలను పొలానికి చేర్చడానికి వేరే బండి దొరకక ట్రాలీ ఎక్కించడం ఊళ్లలో మామూలే అయినా, బీమా దగ్గరకు వచ్చేసరికి అదే అడ్డంకి అవుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ చిన్నమ్మ కేసులో 2004లో సుప్రీంకోర్టు, ట్రాలీలో వెళ్తూ చనిపోయిన వ్యక్తి విషయంలో బీమా కంపెనీకి బాధ్యత లేదని తేల్చింది. అలాంటప్పుడు పరిహారం భారం యజమాని మీదే పడుతుంది. ఆయనకు స్తోమత లేకపోతే బాధిత కుటుంబానికి చేతికి ఏమీ రాదు.

అందుకే ఆటోకో, జీపుకో అయ్యే కిరాయిని కూలి ఖర్చులో భాగంగా ముందే మాట్లాడుకోవడం రైతుకూ కూలీలకూ మేలు. ట్రాక్టర్‌తో పాటు ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. మైనర్‌కు బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద యజమానికి లేదా సంరక్షకుడికి రూ.25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

పరిహారానికి ఉన్న దారులేంటి?

రైతు బీమా: పట్టాదారు పాసుపుస్తకం ఉండి, పథకంలో నమోదైన 18-59 ఏళ్ల రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి రూ.5 లక్షలు. వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) సమాచారం ఇవ్వాలి. భూమి లేని కూలీకి, కౌలురైతుకు ఇది వర్తించదు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన: ఏడాదికి రూ.20. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు, పాక్షిక అంగవైకల్యానికి రూ.లక్ష. బ్యాంకు ఖాతా ఉన్న 18-70 ఏళ్ల వారంతా అర్హులే. రైతు బీమా దక్కని కూలీలకు ఇది ఎంతో అవసరం. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే రెన్యువల్ ఆగిపోతుంది.

యజమాని-డ్రైవర్ బీమా: ట్రాక్టర్ పాలసీతో పాటు రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకునే వీలుంది. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్: ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయడం మంచిది. పొలం లోపల జరిగిన ప్రమాదమైతే ‘బహిరంగ స్థలం కాదు’ అన్న వాదన బీమా కంపెనీ నుంచి రావచ్చు. న్యాయవాదితో ముందే మాట్లాడండి. డబ్బు లేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

పని ప్రమాద పరిహారం: ట్రాక్టర్లు, యంత్రాలతో సాగు పనిచేసే కూలీలను 1923 నాటి పరిహార చట్టమే తన పరిధిలోకి తెచ్చింది. ఈ విషయంలో కార్మిక శాఖ అధికారులను సంప్రదించాలి.

వీటిలో చాలావాటికి పోలీసు కేసు, పోస్టుమార్టం నివేదికే ఆధారం. ‘ఊళ్లోనే మాట్లాడుకుందాం’ అని అంత్యక్రియలు పూర్తి చేస్తే ఆ తర్వాత ప్రమాదాన్ని రుజువు చేయడం కష్టం. ఎంత దగ్గరివారి బండి అయినా ఫిర్యాదు ఇవ్వండి.

ప్రమాదం జరిగితే ముందుగా ఏం చేయాలి?

* ఇంజిన్ ఆపండి. డీజిల్ కారుతుంటే నిప్పు, సిగరెట్ దగ్గరకు రానీయకండి.
* 108కి ఫోన్ చేయండి. పొలమైతే రోడ్డు దగ్గర ఒకరిని నిలబెట్టి దారి చూపించండి.
* బండి కింద ఉన్న మనిషిని బలవంతంగా లాగకండి. బురదలో ఉంటే ముక్కు, నోరు శుభ్రం చేసి, తల పైకి ఉండేలా చూడండి. జేసీబీతో ఎత్తేటప్పుడు కింద దిమ్మలు పెడుతూ ఎత్తించండి.
* రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.
* వేలు, చేయి తెగిపోతే ఆ భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐస్ మీద పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఐస్‌ను నేరుగా తగలనీయవద్దు.

రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఆసుపత్రిలో చేర్పించేటప్పుడే దాని గురించి అడగండి. బాధితుడిని తీసుకొచ్చిన వారిని పేరు, చిరునామా చెప్పాలని ఒత్తిడి చేయకూడదు. చట్టం వారికి రక్షణ ఇస్తోంది.

దమ్ము మొదలయ్యే ముందు ఒక పూట కేటాయించి బ్రేకులు, పెడల్ లాక్, సేఫ్టీ స్విచ్, పీటీఓ తొడుగు, ట్రాలీ లైట్లు చూసుకోండి. పనికి వచ్చే కూలీలకు ఇరవై రూపాయల బీమా ఉందో లేదో కూడా అదే పూట అడగండి. లేకపోతే బ్యాంకుకు తీసుకెళ్లి కట్టించండి.