ఈ మాత్ర ఇంకా అవసరమా?

వృద్ధాశ్రమంలో పెద్దాయన పగలంతా కునికిపాట్లు పడుతుంటే వయసు మీద పడిందనుకుంటాం. తూలిపడితే కాళ్లలో సత్తువ తగ్గిందనుకుంటాం. దానికి రాత్రి మింగించిన మాత్రే కారణం కావచ్చని అనుమానించేవాళ్లు తక్కువ. ఆ అనుమానాన్ని లెక్కలతో నిలబెట్టినవారిలో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ ముఖ్యులు.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని 12 ఆశ్రమాల్లో 850 మంది వాడుతున్న మందులను బీర్స్, ఆయన సహచరులు పరిశీలించారు. ఒక్క నెలలో ఒక్కొక్కరికి రాసినవి సగటున 8 మందులు. సగం మందికి పైగా మెదడు మీద పనిచేసే మందులు వాడుతున్నారు. నిద్రమందులు ఎక్కువగా అవసరాన్ని బట్టి కాక, రోజూ వేళకు పడిపోతున్నాయి. 1988లో ఈ లెక్కలు అచ్చయ్యాయి.

మరి ఏది తగదో తేల్చేదెలా? మందుల ప్రయోగ పరీక్షల్లో బలహీనులైన వృద్ధులను చేర్చుకోవడమే అరుదు. అందుకే బీర్స్ బృందం అనుభవజ్ఞులను ఆశ్రయించింది. 13 మంది నిపుణులను రెండు విడతలుగా ప్రశ్నించి, వాళ్లకు కుదిరిన ఏకాభిప్రాయంతో 1991లో 30 సూత్రాలు ప్రకటించింది. వాటిలో 19 వాడకుండా ఉండాల్సిన మందుల గురించి. 11 మోతాదు, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అన్నవాటి గురించి.

వాడకుండా ఉండాల్సిన ఆ మందుల జాబితాలోని నిద్రమందు డయాజిపామ్ సంగతే చూడండి. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో కొవ్వు శాతం పెరుగుతుంది. కొవ్వులో కరిగే ఈ మందు అక్కడే తిష్ఠవేస్తుంది. నిన్నటి మాత్ర పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. మగత, తూలడం, పడిపోవడం, తుంటి విరగడం, ఆపైన మంచం.

ఆశ్రమవాసుల కోసం పుట్టిన ఆ జాబితా 1997లో 65 ఏళ్లు దాటిన అందరికీ విస్తరించింది. బీర్స్ 2009లో కన్నుమూశారు. ఆ తర్వాత అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ఆ పని అందుకుంది. 2023లోనూ జాబితాను సవరించింది.

2008లో ఐర్లండ్‌లోని కార్క్ వైద్యులు రెండోవైపూ చూశారు. వాళ్ల జాబితాలు రెండు: ఆపాల్సిన మందులకు ‘స్టాప్’, మొదలుపెట్టాల్సినవాటికి ‘స్టార్ట్’. ముసలివాళ్లే కదా అని అవసరమైన మందు రాయకపోవడమూ అన్యాయమే.

జాబితా తీర్పు కాదు. కొందరికి ఆ మందే దిక్కు కావచ్చు. ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్రను ఉన్నపళాన మానిపించడమూ ప్రమాదమే. కానీ ‘ఈ మాత్ర ఇంకా అవసరమా?’ అని డాక్టరుగారిని అడిగే ధైర్యం ఈ కథ మనకిస్తుంది. మగతలో ఉన్న మనిషి తానుగా అడగలేడు. అతని తరఫున అడగాల్సింది మనమే.