ఆరెంజ్ అంటే జపాన్

మన నారింజ, ఇంగ్లీషు ఆరెంజ్ ఒకే కుదురు మాటలు. సంస్కృత ‘నారంగం’ పర్షియా, అరబ్బు నేలల మీదుగా యూరప్ చేరింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికా సైనిక పథకాల్లో ‘ఆరెంజ్’కు కొత్త అర్థం వచ్చింది: జపాన్. ఒక్కో దేశానికి ఒక్కో రంగు: బ్రిటన్ రెడ్, జర్మనీ బ్లాక్, అమెరికా బ్లూ.

ఆ రోజుల్లో అమెరికాలోని న్యూపోర్ట్ నౌకా యుద్ధ కళాశాల యుద్ధ క్రీడల్లో గది నేలే సముద్రం, బొమ్మ ఓడలే నౌకాదళాలు. ఆరెంజ్ సేనాని పాత్ర వేసేదీ అమెరికా అధికారే. అయినా టోక్యో వైపు నుంచి ఆలోచించి, సొంత దేశపు నౌకలను ముంచడానికి మనసు పెట్టి ఎత్తులు వేయాల్సి ఉండేది. అతను మెతకబడితే ఆటే వృథా. అన్నిటికన్నా కష్టమైన పాత్ర అదే. 1922-23లో అక్కడ చదివిన అమెరికా నౌకాదళ సేనాని చెస్టర్ నిమిట్జ్, జపాన్‌తో జరిగిన పసిఫిక్ యుద్ధంలో కమికాజీ (ఆత్మాహుతి విమాన) దాడులు తప్ప తాము ఊహించనిదేదీ జరగలేదని తర్వాత చెప్పాడు.