షోర్‌హామ్ విమాన ప్రమాదం: కారణం వేరు, నింద వేరు

2015 ఆగస్టు 22న ఇంగ్లండు దక్షిణ తీరంలోని షోర్‌హామ్‌లో జరిగిన విమాన విన్యాసాలలో, 1950ల నాటి హాకర్ హంటర్ యుద్ధవిమానం ఆకాశంలో నిలువు వలయం చుడుతూ ఏ27 రహదారిపై కూలింది. 11 మంది మరణించారు. వారందరూ ప్రదర్శన ప్రాంగణం వెలుపల ఉన్నవారే. పైలట్ తీవ్రగాయాలతో బ్రతికాడు.

2017 నాటి దర్యాప్తు నివేదిక ప్రకారం విమానానికి తగిన వేగం లేదు. వలయ శిఖరాన కనీసం 3,500 అడుగుల ఎత్తు ఉండవలసి ఉండగా, సుమారు 2,700 అడుగులే ఉంది. విన్యాసాన్ని అక్కడే విరమించే అవకాశం ఉన్నా, అది జరగలేదు.

విమానం వేగంగా పైకి మళ్ళినప్పుడు రక్తం కాళ్ళవైపు దిగి, మెదడుకు సరఫరా తగ్గుతుంది. చూపు మసకబారవచ్చు, స్పృహ తప్పవచ్చు. పైలట్ ఆలోచనాశక్తి ఇలాగే మందగించి ఉండవచ్చని అతని న్యాయవాదులు వాదించారు. 2019లో జ్యూరీ అతనిని నిర్దోషిగా తేల్చింది. 2022లో మరణ విచారణాధికారి మాత్రం అవి చట్టవిరుద్ధంగా జరిగిన ప్రాణహరణాలని నిర్ణయించారు.

ఇందులో వైరుధ్యం లేదు. శిక్షకు సందేహాతీతమైన రుజువు కావాలి. మరణ విచారణకు అధిక సంభావ్యత చాలును. దర్యాప్తు నివేదిక లక్ష్యం మరొకటి: నింద మోపడం కాదు, పునరావృతిని నివారించడం. ప్రమాదం జరిగిన వెంటనే బ్రిటన్‌లో నేలపై పాత జెట్ విమానాల విన్యాసాలను సాధారణ ప్రయాణానికే పరిమితం చేశారు.

ఆసుపత్రి మరణ సమీక్షలలోనూ ముందుగా "ఏమి జరిగింది?" అని అడిగేవారము. "ఎవరు?" అన్న ప్రశ్న ముందుకు వస్తే అందరూ మౌనం వహించేవారు. విమాన ప్రమాద వార్త చదివినప్పుడు మీరూ ఈ క్రమాన్నే పాటించండి.