లండన్ హైడ్రాలిక్ పవర్ కంపెనీ

లండన్ హైడ్రాలిక్ పవర్ కంపెనీ అధిక పీడనంలోని నీటిని భూగర్భ గొట్టాల ద్వారా పంపి, నగరంలోని వేలాది యంత్రాలను ఉమ్మడి పంపింగ్ కేంద్రాల నుంచి నడిపిన సంస్థ. ఇది 1883లో ఏర్పడింది. 1977 వరకు పనిచేసింది.

ఇలాంటి సరఫరాకు జోసెఫ్ బ్రామా 1812లోనే పేటెంట్ పొందాడు. విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన బరువు అక్యుములేటర్ దాన్ని ఆచరణసాధ్యం చేసింది. ఇంజనీరు ఎడ్వర్డ్ ఎలింగ్టన్ 1870లలో హల్ నగరంలోనూ, తర్వాత లండన్‌లోనూ ప్రజా సరఫరా వ్యవస్థలు నిర్మించాడు.

గొట్టాల్లో పీడనం చదరపు అంగుళానికి సుమారు 800 పౌండ్లు, అంటే దాదాపు 55 బార్. అక్యుములేటర్‌లో నిలువు సిలిండర్‌లోని ర్యామ్ మీద భారీ బరువు ఉంటుంది. వాడకం తగ్గితే మిగులు నీరు ర్యామ్‌ను పైకి లేపుతుంది. ఒక్కసారిగా పెరిగితే బరువు దిగుతూ పీడనం పడిపోకుండా నిలుపుతుంది. అన్ని యంత్రాలూ ఒకేసారి పూర్తి శక్తిని కోరవు కాబట్టి, వాటి మొత్తం సామర్థ్యం కంటే తక్కువ సామర్థ్యమున్న పంపులే సరిపోయేవి.

లిఫ్టులు, క్రేన్లు, ప్రెస్సులు, నాటకశాలల రంగస్థల యంత్రాలు ఈ నీటితో నడిచేవి. ఉచ్చదశలో గొట్టాల మొత్తం పొడవు సుమారు 290 కిలోమీటర్లు. విద్యుత్ మోటార్ల వ్యాప్తితో గిరాకీ తగ్గింది. 1890లో ప్రారంభమైన వాపింగ్ కేంద్రం 1977లో మూతపడింది. భూగర్భ గొట్టాల మార్గాన్ని 1980లలో మెర్క్యురీ కమ్యూనికేషన్స్ టెలికాం కేబుళ్లకు వినియోగించింది.