ఒకే చీటీ, ఊరంతటికీ

నలాక్సోన్ అనే మందు పేరు ఇండియాలో ఎక్కువగా ఆస్పత్రుల్లో మత్తు డాక్టర్లకే తెలుసు. అమెరికాలో పోలీసులకీ, లైబ్రరీ ఉద్యోగులకీ, టీచర్లకీ కూడా తెలుసు. హెరాయిన్, ఫెంటనిల్, నొప్పికి డాక్టర్లు రాసే ఆక్సికోడోన్, ఇవన్నీ నల్లమందు వంశానివే. మోతాదు మించితే ఊపిరి మందగించి, ఆగిపోతుంది. మెదడులో అవి అతుక్కున్న చోటినుంచి వాటిని నెట్టేసి తాను కూర్చుంటుంది నలాక్సోన్. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. దీనివల్ల మత్తు రాదు, ఇది అలవాటూ కాదు.

జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ అనే ఇద్దరు 1961లో దీనికి పేటెంట్ అడిగారు. 1971లో ప్రభుత్వ ఆమోదం వచ్చింది. ఆ తరవాత పాతికేళ్ళు అది ఆస్పత్రుల్లోనూ అంబులెన్సుల్లోనూ ఉండిపోయింది. కారణం రసాయనశాస్త్రంలో లేదు, మందుల చీటీలో ఉంది. డాక్టరు రోగిని చూసి, రోగి పేరుమీద చీటీ రాయాలి. ఊపిరి ఆగిన మనిషి తన మందు తాను వేసుకోలేడు కదా! వేయాల్సింది పక్కనున్న తల్లో, స్నేహితుడో. వాళ్ళేమో రోగులు కారు. పైగా 911కి ఫోన్ చేస్తే పోలీసులు తమనీ పట్టుకుపోతారన్న భయం ఒకటి.

1996లో షికాగోలో డాన్ బిగ్ నడిపే సంస్థ మత్తుమందు వాడేవాళ్ళ చేతికే ఈ మందు ఇవ్వడం మొదలుపెట్టింది. 2001లో న్యూమెక్సికో చట్టం మార్చింది. ఇలాంటి చట్టాలున్న రాష్ట్రాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో, 2003లో, ఫిష్‌మన్ భార్య కొడుకు హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. మందు కనిపెట్టినవాడి ఇంట్లోనే ఇలా జరిగింది.

సామాన్యుల చేతికిస్తే ఏమవుతుందో 2012లో వచ్చిన సి.డి.సి. నివేదిక చెప్పింది. 1996 నుంచి 2010 దాకా ఇలాంటి కార్యక్రమాలు 53,032 మందికి నేర్పి మందిచ్చాయి. 10,171 మందిని బతికించినట్టు కబురొచ్చింది.

నాకు బాగా నచ్చిన ఘట్టం బాల్టిమోర్‌ది. 2015 అక్టోబరులో అక్కడి ఆరోగ్య శాఖ కమిషనర్ డాక్టర్ లియానా వెన్ ఆరు లక్షల పైచిలుకు జనానికి కలిపి ఒకే చీటీ రాసేశారు. దీన్ని స్టాండింగ్ ఆర్డర్ అంటారు. మా కంప్యూటర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఒక్కొక్క యూజర్‌కీ విడిగా పర్మిషన్ ఇవ్వడం మానేసి గ్రూపు మొత్తానికీ ఇవ్వడమన్న మాట. అదే నెలలో పెన్సిల్వేనియాలో డాక్టర్ రేచెల్ లెవీన్ రాష్ట్రమంతటికీ అలాగే రాశారు. మరుసటి నెల ముక్కులో కొట్టే స్ప్రేకి ఆమోదం రావడంతో సూది భయం కూడా పోయింది.

ఇక మిగిలింది డబ్బు. అప్పట్లో రెండు మోతాదుల పెట్టె ఆరోగ్య శాఖలకి 75 డాలర్లు ఉండేది. 2017లో బాల్టిమోర్ ఉన్న పెట్టెలని రేషన్ పెట్టి పంచాల్సి వచ్చింది. అనుమతి ఉంది, సరుకు లేదు!

ఉద్యోగరీత్యా ఒక కౌంటీ ఆరోగ్య శాఖకి ఈ పెట్టెల లెక్క చూసే ప్రోగ్రాం రాశాను. లాట్ నంబరు, గడువు తేదీ, ఏ వీధిలో ఎన్ని ఇచ్చారు, వాడారా లేదా. తీసుకున్నవాళ్ళ పేరుకి ఒక గడి పెట్టనా అని అడిగితే అక్కడి నర్సు వద్దంది. పేరడిగితే రావలసినవాళ్ళు రారట. పేరు లేకుండా డేటాబేసు తయారుచేయడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే.

2023 మార్చిలో స్ప్రేని చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి వచ్చింది. ఆ సెప్టెంబరుకి 45 డాలర్ల ధరతో షాపుల్లోకి చేరింది. దేశంలో మోతాదు మించి పోయినవాళ్ళు 2023లో దాదాపు 1,05,000, 2024లో సుమారు 80,000. తగ్గడానికి కారణాలు అనేకం, అందులో ఇదొకటని నా నమ్మకం.

మన సంఘాల ఆరోగ్య శిబిరాల్లో షుగరూ, బి.పి. చూస్తారు. ఈ మందు ఊసెత్తితే "మన పిల్లలు అలాంటివాళ్ళు కాదండీ" అంటారు. ఆన్‌లైన్‌లో కొన్న నకిలీ మాత్రలో ఫెంటనిల్ ఉంటే మింగినవాళ్ళకి తెలిసే మార్గం లేదు, వాళ్ళు ఎలాంటివాళ్ళయినా సరే. మా అమ్మాయి కాలేజీ హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు రైస్ కుక్కర్ పక్కన ఒక పెట్టె సర్దాను.

"నాకెందుకు నాన్నా?" అంది.

"నీకు కాదమ్మా, పక్క గదిలో పిల్లకి," అన్నాను.