క్రోమెర్జీజ్: కోట కట్టినవారు, హక్కు అడిగినవారు

చెక్ దేశపు మొరావియా ప్రాంతంలో, మొరావా నది ఒడ్డున క్రోమెర్జీజ్ అనే చిన్న పట్టణం వుంది. శతాబ్దాలపాటు అది ఓలోమౌట్స్ బిషప్పుల ఏలుబడిలో వుండేది. ముప్ఫయ్యేళ్ళ యుద్ధంలో 1643లో స్వీడిష్ సేనలు దాన్ని దోచి తగలబెట్టాయి. ఆ తరువాత కార్ల్ లీఖ్టెన్‌స్టైన్ అనే బిషప్పు పట్టణాన్ని పునర్నిర్మించి, పూలతోట వేయించి, చిత్రశాలకు టిషియన్ గీసిన పటాన్ని సంపాదించాడు. 1998లో యునెస్కో ఆ కోటనూ తోటలనూ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఈ సౌందర్యానికి మూలధనం ఎక్కడిది? బిషప్పు మతగురువే కాదు, భూస్వామి కూడా. రైతులు ప్రభువుల పొలాల్లో కూలి లేకుండా పనిచేయాలి. ఆ వెట్టికి చెక్ భాషలో పేరు 'రొబోతా'. 1920లో వెలువడిన కారెల్ చాపెక్ నాటకం ద్వారా ప్రపంచమంతా పాకిన 'రోబో' అనే మాట దానిలోంచి పుట్టిందే.

1848లో వియన్నాలో విప్లవం వచ్చింది. కొత్త శాసనసభలో అతి పిన్నవాడూ, రైతుబిడ్డా అయిన హాన్స్ కుడ్లిఖ్ జులైలో వెట్టి రద్దుకు తీర్మానం ప్రతిపాదించాడు. సెప్టెంబరు 7న అది చట్టమయింది. అయితే భూస్వాములకు నష్టపరిహారం ఇవ్వాలన్న షరతు దానితోనే వచ్చింది. తరతరాల చాకిరీకి మాత్రం రైతుకు పరిహారం ఇచ్చిన వాడు లేడు!

అక్టోబరులో వియన్నా తిరుగుబాటును సైన్యం నెత్తుటిలో ముంచింది. నవంబరు 22న శాసనసభ క్రోమెర్జీజ్ కోటలో తిరిగి సమావేశమయింది. ప్రభుత్వాధికారమంతా ప్రజలనుంచే పుడుతుందని సభ్యులు హక్కుల ముసాయిదాలో రాసుకున్నారు. మంత్రివర్గం కన్నెర్ర చేయగా 1849 జనవరిలో ఆ వాక్యాన్ని వదులుకున్నారు. అయినా ఫలితం దక్కలేదు. మార్చి 7న సైనికులు కోటను ఆక్రమించారు, సభ రద్దయింది. చక్రవర్తి తన సొంత రాజ్యాంగాన్ని ప్రజల నెత్తిన రుద్దాడు. పరారీలో వున్న కుడ్లిఖ్‌కు 1854లో మరణశిక్ష విధించారు. అతడు అమెరికాలో శేషజీవితం గడిపాడు.

సభను కాపాడడానికి పల్లెలు ఎందుకు కదలలేదు? వెట్టి పోయింది, రైతు ఇంటికి మళ్ళాడు. వెట్టి పోయిన రైతును తమ పోరాటంలో నిలుపుకొనే దారి మధ్యతరగతి నాయకులకు తోచలేదు. జనబలం లేని సభకు గదిలో రాసుకున్న కాగితమే మిగిలింది.

కాని ఒక్క సంగతి మరువరాదు. తిరిగివచ్చిన నిరంకుశత్వం రాజ్యాంగాన్ని చింపగలిగిందే కాని, వెట్టిని తిరిగి తేలేకపోయింది. పూలతోటతోపాటు ఆ పట్టణపు వారసత్వంలో లెక్కించవలసినది ఇదే.