మల సూక్ష్మజీవుల మార్పిడి

ఆరోగ్యవంతుడైన దాత మలంలోని సూక్ష్మజీవులను రోగి పేగుల్లోకి ఎక్కించే చికిత్స ఇది. మందులతో తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ ఇన్ఫెక్షన్‌కు దీన్ని ప్రధానంగా వాడతారు. ఈ బ్యాక్టీరియాను వైద్యులు క్లుప్తంగా ‘సి. డిఫ్’ అంటారు.

వ్యాధి తిరగబెట్టడానికి కారణం

పెద్దపేగులో సహజంగా ఉండే సూక్ష్మజీవులు సి. డిఫ్‌ను తల ఎత్తనివ్వవు. వేరే జబ్బుకు క్లిండమైసిన్, సెఫలోస్పోరిన్ల వంటి యాంటీబయాటిక్స్ వాడినప్పుడు ఆ మేలుచేసే జీవులు కూడా నశిస్తాయి. అప్పుడు సి. డిఫ్ విజృంభించి విషాలను వదులుతుంది. నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం వస్తాయి. ముదిరితే పెద్దపేగు ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది.

చికిత్సకు ఇచ్చే వాంకోమైసిన్ ఎదుగుతున్న బ్యాక్టీరియాను అణచగలదు కానీ, గట్టి పొరలో నిద్రాణంగా ఉన్న సిద్ధబీజాలను ఏమీ చేయలేదు. పైగా మేలుచేసే జీవులను మరింత తగ్గిస్తుంది. అందుకే మందు ఆపాక వ్యాధి మళ్లీ మొదలవుతుంది.

పనిచేసే తీరు

పైత్యరసంలోని టారోకోలేట్ అనే లవణం సి. డిఫ్ సిద్ధబీజాలను మొలకెత్తిస్తుంది. ఆరోగ్యకరమైన పేగులో క్లాస్ట్రిడియం సిండెన్స్ వంటి బ్యాక్టీరియా పైత్య ఆమ్లాలను డీఆక్సీకోలిక్ ఆమ్లం వంటివాటిగా మారుస్తుంది. ఇవి సి. డిఫ్ పెరుగుదలను అడ్డుకుంటాయి. దాత సూక్ష్మజీవులు ఈ వ్యవస్థను తిరిగి నిలబెడతాయి; పోషకాల కోసం సి. డిఫ్‌తో పోటీపడతాయి.

చరిత్ర

4వ శతాబ్దపు చైనా వైద్యుడు గే హోంగ్ తీవ్ర విరేచనాలకు మల ద్రావణాన్ని తాగించే పద్ధతిని నమోదు చేశాడు. 1958లో అమెరికాలోని డెన్వర్‌లో సర్జన్ బెన్ ఐస్మన్, ఆయన సహచరులు తీవ్రమైన పేగువాపుతో ఉన్న నలుగురికి ఈ చికిత్సను ఎనిమాగా ఇచ్చి నయం చేశారు. ఆ తరహా పేగువాపుకు సి. డిఫ్ కారణమని తేలింది 1978లో.

2013లో ప్రచురితమైన ఆమ్‌స్టర్‌డామ్ పరీక్ష ఈ చికిత్సకు గట్టి ఆధారమైంది. ముక్కు ద్వారా వేసిన గొట్టంతో చిన్నపేగులోకి ద్రావణం ఎక్కించిన 16 మందిలో 13 మందికి మొదటిసారికే, ఇంకో ఇద్దరికి రెండోసారికి నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నలుగురే కోలుకున్నారు. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు.

విధానం

దాత మలాన్ని సెలైన్‌లో కలిపి వడగడతారు. నిల్వకైతే గ్లిజరాల్ చేర్చి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టిస్తారు. రోగికి ముందు యాంటీబయాటిక్‌తో ఇన్ఫెక్షన్‌ను అదుపు చేసి, తర్వాత కొలనోస్కోపీ, ఎనిమా లేదా గొట్టం ద్వారా ఎక్కిస్తారు. క్యాప్సూల్స్‌గా మింగించినా కొలనోస్కోపీతో సమానంగా పనిచేస్తుందని 2017లో కెనడా పరీక్ష చూపింది.

భద్రత

దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్, పరాన్నజీవులు, మందులకు లొంగని బ్యాక్టీరియా లేవని నిర్ధారించుకోవాలి. 2019లో అమెరికాలో, అలాంటి మొండి ఇ. కోలై కోసం పరీక్షించని మలం ద్వారా రోగనిరోధక శక్తి తగ్గిన ఇద్దరికి ఇన్ఫెక్షన్ సోకి, ఒకరు మరణించారు. ఇంట్లో సొంతంగా చేసుకోవడం ప్రమాదకరం అనడానికి ఇదే కారణం. వ్యాధి తిరగబెట్టకుండా నివారించేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాత మలం నుంచి తయారైన మందుల్లో 2022లో పురీషనాళం ద్వారా ఇచ్చే రెబయోటాను, 2023లో క్యాప్సూల్ రూపంలోని వౌస్ట్‌ను ఆమోదించింది.

ఇతర ఉపయోగాలు

పెద్దపేగులో దీర్ఘకాలంగా వాపు, పుండ్లు ఉండే అల్సరేటివ్ కొలైటిస్‌లో ఈ చికిత్సపై పరిశోధనలు సాగుతున్నాయి. లూధియానాలోని దయానంద్ వైద్య కళాశాల బృందం కూడా వీటిలో పాలుపంచుకుంది. అయితే సి. డిఫ్ విషయంలో ఉన్నంత బలమైన ఆధారాలు ఇతర వ్యాధుల్లో ఇంకా లేవు.